సైనిక కుటుంబాల్లోని మనవారికి వృత్తి లైసెన్సు సంగతులు

అమెరికా సైన్యంలో పనిచేస్తున్న వారిని వివాహం చేసుకుని ఇక్కడికి వస్తున్న తెలుగువారిలో నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు కనిపిస్తుంటారు. కొన్నేళ్లకోసారి రాష్ట్రం మారవలసి వచ్చే ఈ జీవితంలో తమ చదువు అక్కరకు వస్తుందా అన్నది వారి సందేహం. తప్పకుండా వస్తుంది. అయితే చట్టం ఏ మెట్టు నుంచి సాయం చేస్తుందో ముందే తెలుసుకోవాలి.

ఇక్కడ వృత్తి లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రాల బోర్డులే గనుక, ఒక రాష్ట్రంలో సంపాదించిన లైసెన్సు సాధారణంగా మరో రాష్ట్రంలో చెల్లదు. సైనికులకు, వారి జీవిత భాగస్వాములకు ఈ ఇబ్బంది తగ్గించడానికి, 2023 జనవరి 5న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన చట్టం ద్వారా సైనికులకు చట్టపరమైన రక్షణలు కల్పించే సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ యాక్టులో ఒక కొత్త సెక్షన్ చేర్చారు. బదిలీ ఆర్డర్ల మీద వేరే రాష్ట్రానికి వెళ్లినవారి లైసెన్సు ఎలాంటి మచ్చ లేకుండా ఉంటే, ఆ ఆర్డర్ల కాలమంతా కొత్త రాష్ట్రం దాన్ని గుర్తించాలి. 2024 డిసెంబరులో ఈ నిబంధనలను సవరించారు. ఇప్పుడు దరఖాస్తుతో పాటు ఆర్డర్ల ప్రతి, వివాహ ధ్రువపత్రం, నోటరీ చేయించిన అఫిడవిట్ జతచేయాలి.

మనవారు పొరబడేది ఇక్కడే. ఈ చట్టం గుర్తించేది అమెరికా రాష్ట్రం ఇచ్చిన లైసెన్సునే కానీ మన డిగ్రీని కాదు. విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చదివినవారు మొదట తమ చదువును మదింపు చేయించుకుని, నర్సు లైసెన్సుకు తప్పనిసరైన ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి, ఏదో ఒక రాష్ట్రంలో లైసెన్సు పొందాలి. మార్కుల వివరాలు విశ్వవిద్యాలయం నుంచి, రిజిస్ట్రేషన్ ధ్రువీకరణ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా మదింపు సంస్థకు చేరాలి. వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడకముందు చదివిన తెలంగాణవారు విజయవాడ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయాన్నే అడగవలసి ఉంటుంది. ఈ పనికి పట్టే కాలం మన చేతిలో ఉండదు కాబట్టి, వీలైతే విమానం ఎక్కకముందే మొదలుపెట్టండి.

"వచ్చే పోస్టింగ్ మంచి రాష్ట్రంలో పడితే అక్కడ చూసుకుందాం" అని ఆగవద్దని నేను గట్టిగా చెబుతాను. మొదటి పోస్టింగ్ ఎక్కడ పడితే అక్కడే లైసెన్సు సాధించండి. ఆ తరువాతి బదిలీల నుంచే చట్టం మీకు అండగా నిలుస్తుంది. నర్సులకు మరో సౌకర్యం కూడా ఉంది: నర్సుల లైసెన్సులపై రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందమైన నర్స్ లైసెన్సర్ కాంపాక్టులో 40కి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు చేరినందున, వాటిలో ఒకదాని బహుళరాష్ట్ర లైసెన్సు మిగతావాటిలోనూ పనిచేస్తుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ ఇందులో లేవు. లైసెన్సు వేరు, ఉద్యోగం చేసే అనుమతి వేరు అని కూడా గుర్తుంచుకోండి. గ్రీన్ కార్డు ఇంకా రానివారికి పని అనుమతి పత్రం విడిగా కావాలి.

బోర్డు కార్యాలయంలో ఈ చట్టం తెలియని ఉద్యోగి ఎదురైతే వెనుదిరగకండి. టెక్సస్‌లో వైమానిక దళ ఉద్యోగి భార్య అయిన ఒక స్కూల్ కౌన్సిలర్‌కు ఇలాంటి వివాదమే ఎదురైతే, 2023లో ఫెడరల్ కోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పునిచ్చింది. అమెరికా కేంద్ర న్యాయశాఖ కూడా ఆమె పక్షాన వాదన దాఖలు చేసింది. మీ స్థావరంలోని లీగల్ అసిస్టెన్స్ కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. బదిలీ వల్ల కొత్త లైసెన్సుకు కట్టిన ఫీజులో 1,000 డాలర్ల వరకు సైన్యం తిరిగి చెల్లిస్తుంది కాబట్టి ప్రతి రసీదునూ దాచండి.

సైన్యం నుంచి బయటికి వస్తున్న మీ భర్తకో భార్యకో ఉన్న దారులు వేరు. సైన్యంలో పనిచేసినవారికి చదువు ఖర్చులో సాయం చేసే పోస్ట్ 9/11 జీఐ బిల్లు కింద ఒక్కో లైసెన్సు పరీక్షకు 2,000 డాలర్ల వరకు ఖర్చు తిరిగి వస్తుంది. సైన్యంలో కనీసం రెండేళ్లు భారీ వాహనాలు నడిపినవారికి వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు కోసం రోడ్డు పరీక్ష మినహాయింపు దొరుకుతుంది. కానీ ఆ ఉద్యోగం వదిలిన ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. అందుకే విరమణ తేదీ తెలిసిన వెంటనే మీరుండే రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో కావలసిన పత్రాల గురించి విచారించండి.