చీటీ వేసి అడిగితే దేవుడు చెబుతాడా?

హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం వచ్చింది, తిరుపతిలో అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను వెళ్తానంటే అమ్మ ఒప్పుకోదు, నెల రోజులుగా మొక్కుతున్నా స్వామి ఏ గుర్తూ చూపించలేదు, ఆయన మాట మనకెలా తెలుస్తుంది అని అడిగారు. గుర్తుల సంగతి నాకు కాస్త తెలుసు. నాకొకటి దొరికింది. అది దొంగ గుర్తు.

మాది చిత్తూరు. 2017లో నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. ఎటూ తేల్చుకోలేక, చివరికి అవ్వ చెప్పినట్టు దేవుడి గదిలో చీటీలు వేశాం. అమ్మ పాత క్యాలెండర్ కాగితం చింపి ‘పో’, ‘వద్దు’ అని రాసి, మడిచి పళ్లెంలో పెట్టింది. ఐదేళ్ల మా అక్క కూతురు కళ్లు గట్టిగా మూసుకుని ఒకటి తీసింది. ‘వద్దు’. సరే, స్వామే చెప్పాడనుకున్నా. రాత్రి పళ్లెం కడగబోతే రెండో చీటీ అందులోనే ఉంది. విప్పి చూశాను. అదీ ‘వద్దు’ అనే!

మా వైపు ఏ గొడవైనా తేలకపోతే నోటికొచ్చే మాట ఒకటుంది: కాణిపాకంలో ప్రమాణం చేస్తావా? మాకు పది పన్నెండు కిలోమీటర్లే. అక్కడి వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే ఎంతటివాడైనా జంకుతాడు. అప్పు తీర్చేశానని, దొంగతనం చేయలేదని, ఇకపై మందు ముట్టనని అక్కడికెళ్లి ప్రమాణాలు చేస్తారు. నేనూ అమ్మను అదే అడిగాను.

“కాణిపాకం దాకా ఎందుకు, నేనే రాసినా” అంది, అన్నం వడ్డిస్తూనే. “ఇప్పుడు నువ్వు చెప్పు. జీతం కోసమే పోతాండానని ఆ వినాయకుడి ముందర నిలబడి చెప్పగలవా?”

చెప్పలేకపోయాను. అంతకు ఆరు నెలల ముందు నా పెళ్లి నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిపోయింది. వీధిలో ఎదురైన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్నల నుంచి పారిపోవాలి, నాకు కావాల్సింది అంతే. జీతం పైకి చెప్పుకునే మాట. దేవుణ్ని అడుగుతున్నది కూడా ఆ పైమాటే.

ఆ శనివారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. 3,550 మెట్లంటారు. గాలిగోపురం దాకా బుర్రలో ఒకటే రొద, మోకాళ్ల పర్వతం దగ్గరికొచ్చేసరికి ఊపిరి తప్ప ఇంకేం గుర్తులేదు. (టెన్షన్‌కు అంతకు మించిన మందు నేనింతవరకు చూడలేదు.) క్యూలో గంటల తరబడి కూర్చుని అడగాల్సినవన్నీ వరసగా పేర్చుకున్నా. లోపల ‘జరగండి, జరగండి’ అంటూ ముందుకు తోసేశారు. స్వామి కనిపించిన ఆ రెండు క్షణాల్లో ఉద్యోగం ఊసే గుర్తు రాలేదు. నా నోట వచ్చింది ఒక్కటే: “రాత్రిపూట అమ్మకు తోడు.”

ఇంటికొచ్చి అమ్మను అడిగితే అదే తేలింది. పగలు ఏ ఇబ్బందీ లేదు, చీకటిపడ్డాక ఇంట్లో ఒక్కతే ఉండాలంటే భయం. ఆ సంగతి మాకు చెప్పుకోలేక చీటీల మీద రాసింది. పలమనేరులో అద్దెకుంటున్న పిన్నమ్మ వచ్చి మా ఇంట్లో దిగింది. నేను బెంగళూరు వెళ్లాను, వారం వారం బస్సెక్కి వచ్చేదాన్ని.

అంతా సుఖాంతం అనుకోకండి. రెండో ఏడాది అమ్మ స్నానాల గదిలో జారిపడి మణికట్టు విరిగింది. “కూతురు వదిలేసి పోయింది కదా” అన్నారు బంధువులు. దేవుడి మాట నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమో అని రెండు నెలలు కుమిలిపోయాను. తర్వాత తట్టింది, నేను చిత్తూరులోనే ఉన్నా ఆ గది తడిగానే ఉండేది. అన్నీ సవ్యంగా జరిగితేనే అది దేవుడు చూపిన దారి అని ఇప్పుడు నేననుకోవడం లేదు. ఉన్న నిజం ఆయన ముందు చెప్పుకుని, ఒక నిర్ణయం తీసుకున్నాక దాన్ని రోజూ రాత్రి మళ్లీ విప్పి చూడకపోవడమే నావరకు నమ్మకం.

కృష్ణుడి సంగతే చూడండి. అర్జునుడికి అంతా చెప్పాక, భగవద్గీత 18వ అధ్యాయం 63వ శ్లోకంలో, ఇదంతా బాగా ఆలోచించి నీకెలా తోస్తే అలా చెయ్యమన్నాడు. నన్నే శరణు పొందు అన్నది ఆ తర్వాత మూడో శ్లోకంలో. ఎదురుగా రథం మీద ఉండి కూడా ఆయన చీటీ రాసివ్వలేదు.

మీరు రాసినదాంట్లో ‘అమ్మ ఒప్పుకోదు’ అని ఉంది కానీ, ‘అమ్మ ఇలా అంది’ అని ఎక్కడా లేదు. అసలు ఆమెను అడిగారా? వీలైతే ఈ ఆదివారం ఆమెను కాణిపాకం తీసుకెళ్లండి. దర్శనం అయ్యాక ఓ పక్కన కూర్చుని, దేనికి భయపడుతున్నావమ్మా అని అడగండి. ముందు మీ భయమేంటో మీరు చెప్పండి. ఇంటికొచ్చాక ఎటూ తేలక చీటీలే వేయాల్సి వస్తే, అమ్మ చేత మాత్రం రాయించకండి.