మూడున్నర లక్షలు కట్టే ముందు బంతి బయటికి తీయండి

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి వాలీబాల్ ఆడుతోంది. లిఫ్టర్. అంటే స్మాష్ కొట్టేవాళ్లకి బంతి ఎత్తి ఇచ్చే స్థానం. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. రెండుసార్లు జిల్లా తరఫున స్టేట్ ఆడింది. ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. చదువు దెబ్బతింటుందని ఏడాదిగా ఆట ఆపించాం. అమెరికాలో నెబ్రాస్కా యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్‌కి స్టేడియం నిండిపోయిన వీడియో ఒకటి మా బావమరిది పంపాడు. అలాంటి చోట ఫుల్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అని ఒక కన్సల్టెన్సీ మూడున్నర లక్షలు అడుగుతోంది. అది మేలా, ఇక్కడే ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో చదివించి స్పోర్ట్స్ కోటా చూసుకోవడం మేలా? పోల్చి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో నాకు ముందు కనిపించింది నెబ్రాస్కా కాదు, "ఏడాదిగా ఆట ఆపించాం" అన్న ముక్క. ఆట ఆపించింది మీరే, ఆటకి స్కాలర్‌షిప్ కావాలంటున్నదీ మీరే. ఏడాదిగా బంతి ముట్టుకోని పిల్లకి ఏ దేశం కోచ్ అయినా ఏం చూసి సీటిస్తాడండీ?

వీడియో మాత్రం నిజమే. 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం మధ్యలో వాలీబాల్ కోర్టు వేశారు. ఆ మ్యాచ్‌కి 92,003 మంది వచ్చారు. చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ అంతే. అయితే ఆ జనం ఒక్క రోజులో పోగైనవాళ్లు కారు. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వం డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారం. అది ఆటలకూ వర్తించింది. ఆ ఊపులో 1975లో నెబ్రాస్కా జట్టు మొదలైంది. 1977లో టెర్రీ పెటిట్ కోచ్‌గా వచ్చాడు. మొదటి జాతీయ టైటిల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1995లో. అంటే జట్టు పుట్టిన ఇరవై ఏళ్లకి. తర్వాత జాన్ కుక్ హయాంలో 2000, 2006, 2015, 2017లలో ఇంకో నాలుగు వచ్చాయి.

ఆ జట్టుని నిలబెట్టినవాళ్లలో చాలామంది ఆ రాష్ట్రంలోని చిన్న ఊళ్ల బడుల్లోంచి వచ్చిన పిల్లలు. హూపర్ అని ఓ పల్లెటూరుంది. అక్కడి నుంచి వచ్చిన జోర్డన్ లార్సన్ టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచింది, ఆ పోటీల్లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. మీ అమ్మాయికి చెప్పాల్సిన కథ ఇంకొకటుంది. డానీ బస్‌బూమ్ కెల్లీ కూడా మీ పిల్లలాగే లిఫ్టర్. 2006లో లిబరోగా, అంటే వెనక వరసలో బంతి కాపాడే ప్లేయర్‌గా మారి జట్టుతో కలిసి టైటిల్ గెలిచింది. 2025 నుంచి ఆ జట్టుకి ఆవిడే కోచ్.

ఇక గ్యారంటీ సంగతి. మొన్నమొన్నటి దాకా అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక్కో మహిళా జట్టుకి 12 ఫుల్ స్కాలర్‌షిప్‌లే ఉండేవి. 2025లో లెక్క మారింది. కొత్త పద్ధతికి ఒప్పుకున్న యూనివర్సిటీలు జట్టులో 18 మందిని పెట్టుకోవచ్చు, డబ్బుని ముక్కలు చేసి కూడా పంచవచ్చు. అంటే స్కాలర్‌షిప్ వచ్చినా అది "ఫుల్" అవుతుందని రాసిపెట్టి లేదు. డివిజన్ త్రీలో అయితే ఆటకి స్కాలర్‌షిప్పే ఉండదు. పైగా పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే అక్కడి కోచ్‌లు పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టవచ్చు. పేరున్న జట్లలో మీ అమ్మాయి వయసువాళ్ల సీట్లు ఈపాటికి చాలావరకు నిండిపోయి ఉంటాయి. ఎత్తు సంగతీ దాచను. అక్కడ నెట్ దగ్గర ఆడే అమ్మాయిల్లో ఆరడుగులవాళ్లు మామూలే. 5 అడుగుల 5 అంగుళాల లిఫ్టర్ ఆ స్థాయిలో నెగ్గుకురావడం కష్టం. లిబరోకైతే కొంత నయం.

సీటిచ్చేది కోచ్. మధ్యలో ఉన్నవాడు దానికి గ్యారంటీ ఎలా ఇస్తాడు? కోచ్‌ల ఈమెయిళ్లు యూనివర్సిటీ వెబ్‌సైట్లలోనే ఉంటాయి. మ్యాచ్ వీడియో, మార్కుల లిస్టు పెట్టి అమ్మాయే స్వయంగా రాయొచ్చు. చిన్న కాలేజీల్లో కొంత సాయం దొరికే అవకాశం లేకపోలేదు. దానికి మూడున్నర లక్షలు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఈ విదేశీ స్కాలర్‌షిప్ ఫ్యాషన్ మీద నాకు ఉన్న అనుమానమల్లా ఇదే. పిల్ల ఆట ఎవరూ చూడరు, బ్రోషర్ మాత్రం అందరూ చూస్తారు.

ఇక్కడి దారి ఇంత మెరవదు. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ అయినా, మరొకటైనా పద్ధతి ఒకటే. కాలేజీ జట్టు, అక్కడి నుంచి సెలక్షన్స్‌లో నెగ్గితే యూనివర్సిటీ జట్టు, ఆపైన సౌత్ జోన్, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ. ఎంపీసీ కాబట్టి ఇంజనీరింగ్‌లో చేరినా పోయేదేం లేదు. కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంటే ఆ జట్టుకి ఆడుతుంది. చేరే ముందు మాత్రం కాలేజీలో రెండు విషయాలు అడగండి: పోయినేడు అమ్మాయిల జట్టుని పంపారా, టోర్నమెంటుకి వెళ్తే అటెండెన్స్ ఇస్తారా అని. క్యాంపస్ రంగుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంటర్ యూనివర్సిటీలో యూనివర్సిటీ తరఫున ఆడితే కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాకి అర్హత లెక్కలోకి వస్తుంది. పోస్టులు మాత్రం తక్కువ, అందుకే చదువు వదలమని నేను చెప్పను. బీపీఈడీ (వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు), పాటియాలాలో కోచింగ్ డిప్లొమా లాంటి దారులూ ఉన్నాయి. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు, రైల్వేలో ఉద్యోగం చేశారు.

మీ అసలు భయం ఇంకోటని నాకు అనిపిస్తోంది. ఆటకి పెట్టిన ఇన్నేళ్లు ఏ సీటూ, ఏ ఉద్యోగమూ తేకపోతే దండగేనా అని. అవేం దండగ కాదండీ. లిఫ్టరంటే అర సెకనులో ఎవరికి బంతి ఇవ్వాలో తేల్చుకునే పిల్ల. ఓడిన మర్నాడు మళ్లీ గ్రౌండుకెళ్లడం నేర్చుకున్న పిల్ల. రోజూ సాయంత్రం ఒక గంట ఆడితే ఇంటర్ మార్కులు కొట్టుకుపోవు. నా దగ్గరికి టెన్షన్‌తో వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆట మానేసినవాళ్లే.

అన్నట్టు, ఇంత పొడుగు ఉత్తరంలో అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్కా లేదు. ఇవాళే అడగండి. ఆడతానంటే ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు గ్రౌండుకి తీసుకెళ్లి, ఒక మ్యాచ్ మొత్తం మీ ఫోన్‌లోనే తీయండి. ఎడిటింగ్‌లు అక్కర్లేదు. ఆ వీడియో అమెరికా కోచ్‌కి పంపడానికీ పనికొస్తుంది, ఇక్కడి కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌కి చూపించడానికీ పనికొస్తుంది. కన్సల్టెన్సీకి ఇప్పుడే ఏమీ కట్టకండి. బయల్దేరేముందు బంతిలో గాలుందో లేదో చూసుకోండి, ఏడాదైంది కదా.