ఇంటి భారం పిల్లవాడి మీద పడనివ్వకండి

ప్రశ్న: మాకు పెళ్లయి పదిహేడేళ్లయింది. పది నెలలుగా నేను పిల్లలతో హనుమకొండలో, మావారు హైదరాబాద్‌లో ఉంటున్నాం. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకోవాలని ఇద్దరం నిశ్చయించుకున్నాం. ఏడో తరగతి చదివే అమ్మాయి మొదట్లో బాగా ఏడ్చినా, తండ్రితో రోజూ ఫోనులో మాట్లాడుతూ కొంత కుదుటపడింది. పదో తరగతిలో ఉన్న అబ్బాయి మాత్రం తండ్రి ఫోను ఎత్తడు, ఆదివారం ఆయన వస్తే ట్యూషన్ ఉందని వెళ్లిపోతాడు. క్రికెట్ మానేశాడు. మొన్న ఇంటి అద్దె గురించి నేను మా అక్కతో మాట్లాడుతుంటే విని, ఇంటర్ చదవనని, ఏదైనా పనిలో చేరతానని అన్నాడు. ఎవరి దగ్గర ఉంటావని జడ్జి గారు అడుగుతారు కాబట్టి ఏం చెప్పాలో వాడికి ఇప్పటి నుంచే నేర్పమని మా అన్నయ్య అంటున్నాడు. నేనేం చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది, ఇంటర్ చదవనని మీ అబ్బాయి అన్న మాట. తండ్రి వేరుగా ఉంటున్న ఇంటికి బంధువులు వచ్చినప్పుడల్లా కొడుకు భుజం తట్టి, "ఇక ఇంటికి మగదిక్కు నువ్వే, అమ్మనూ చెల్లినీ నువ్వే చూసుకోవాలి" అనడం మనలో చాలామందికి అలవాటు. వాళ్లు ధైర్యం చెప్పడానికే అంటారు, పదిహేనేళ్లవాడు మాత్రం దాన్ని నిజంగానే తలకెత్తుకుంటాడు. అద్దె, ఫీజులు పెద్దవాళ్లం మేమిద్దరం చూసుకుంటామని, నువ్వు చదువుకోవడమే మాకు కావాలని మీ అబ్బాయికి స్పష్టంగా చెప్పండి. వీలైతే అదే మాట తండ్రి చేత కూడా చెప్పించండి. ఇది ఊరడింపు కోసం చెప్పే మాట కూడా కాదు. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం మైనర్ పిల్లల పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత. ఎవరెంత భరించాలో విడాకుల ఒప్పందంలోనే రాసుకోండి.

మీ అన్నయ్య గారి సలహా మీ మీద ప్రేమతో ఇచ్చిందే అయినా, దయచేసి పాటించవద్దు. తెలిసి ఇష్టం చెప్పగల వయసున్న మైనర్ అభిప్రాయాన్ని న్యాయస్థానం పరిగణించవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం చెబుతున్న మాట నిజమే. అయితే నిర్ణయానికి ఆధారం పిల్లల సంక్షేమమే. నేర్పిన మాటలు చెప్పి వచ్చిన పిల్లవాడు, కన్నవాళ్లలో ఒకరికి వ్యతిరేకంగా తానే తీర్పు చెప్పానన్న బాధను ఏళ్ల తరబడి మోస్తాడు. పిల్లలు ఎక్కడుండాలి, సెలవులు ఎవరి దగ్గర గడపాలి అన్నవి మీరిద్దరూ ముందే ఒప్పుకొని రాసుకుంటే, అబ్బాయిని ఆ ప్రశ్న అడిగే అవసరమే రాకపోవచ్చు.

పరస్పర అంగీకార విడాకులకు అర్జీ పెట్టాలంటే కనీసం ఏడాది విడిగా ఉండాలని హిందూ వివాహ చట్టం చెబుతోంది. అర్జీ పెట్టాక తుది తీర్పు కోసం మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ గడువును న్యాయస్థానం మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మీకు మరీ తొందర లేకపోతే, అబ్బాయి పబ్లిక్ పరీక్షలు ముగిశాకే అర్జీ వేసే వీలుందేమో మీ న్యాయవాదిని అడగండి.

ఇక తండ్రి విషయం. అబ్బాయి ఆయన మీద కోపంగా ఉంటే, మీ పక్షాన ఒకరు నిలబడినట్టు అనిపించి మీకు కొంత ఊరట కలగవచ్చు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ ఊరట వాడి కంట పడకూడదు, ఎందుకంటే తండ్రితో మాట్లాడితే మీకు ద్రోహం చేసినట్టే అనుకునే పిల్లలు మౌనాన్నే ఎంచుకుంటారు. "నువ్వు నాన్నతో మాట్లాడితే నాకు సంతోషమే" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి, బలవంతంగా ఫోను చేతికివ్వకండి. తండ్రిని కూడా వారం వారం రావడం మానవద్దని, అబ్బాయి పలకకపోయినా జవాబు ఆశించకుండా రెండు ముక్కలు మెసేజ్ పెడుతూ ఉండమని కోరండి. ఫీజు కబుర్లు, కోర్టు కబుర్లు పిల్లల ద్వారా పంపుకోవద్దు. చెల్లెలిని, నాన్న ఏమన్నాడని ఆరా తీయడం కూడా అలాంటిదే.

తరగతి ఉపాధ్యాయునికి సంగతి క్లుప్తంగా తెలియజేయండి. నిద్ర, తిండి తగ్గినా, చదువు ఒక్కసారిగా పడిపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి, తెలుగులోనే ఉచితంగా సలహా ఇస్తారు. బతకడం ఎందుకన్న మాట వాడి నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.

పదో తరగతి కదా అని క్రికెట్ మానేయడాన్ని మెచ్చుకోకండి. సాయంత్రం ఒక గంట స్నేహితులతో ఆడుకోవడానికి మీరే పంపండి, ఆ గంటలో ఇంటి పని ఏదీ వాడికి చెప్పకండి.