పాత దారప్పెట్టెకి వార్నిష్ వేయొచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మేం ఎడిన్‌బరోలో ఉంటాం. ఇక్కడ పాత సామాన్లమ్మే షాపులో గుండ్రటి చిన్న చెక్కపెట్టె కొన్నాను. మూత మీద నల్లసిరాతో పాత చర్చి బొమ్మ, చుట్టూ ఆరు చిన్న కన్నాలు, మూత లోపల క్లార్క్ అనే పేరున్న కాగితం. ఇదేంటి? బాగా పసుపెక్కింది, సాండ్‌పేపర్ పట్టించి వార్నిష్ వేయనా?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ సాండ్‌పేపర్ పక్కన పెట్టేయండి! మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది దారప్పెట్టె. స్కాట్లాండ్‌లోని మాఖ్లిన్ అనే ఊళ్ళో స్మిత్‌ల ఫ్యాక్టరీ ఇలాంటివి చేసేది, అందుకే వీటిని మాఖ్లిన్ వేర్ అంటారు. మొదట్లో వాళ్ళవి నశ్యం డబ్బాలు, నశ్యం పీల్చేవాళ్ళు తగ్గాక టూరిస్టులు కొనుక్కెళ్ళే, బొమ్మలు అచ్చువేసిన పెట్టెల మీద పడ్డారు. రేకు మీద చెక్కిన బొమ్మని కాగితం మీద అచ్చువేసి, దాన్ని తెల్లటి సైకమోర్ చెక్కకి అంటించి, కాగితం తీసేస్తే సిరా మాత్రం చెక్క మీద నిలుస్తుంది, దానిపైన పూతల మీద పూతలు వార్నిష్. అంటే మీరు చూస్తున్న ఆ చర్చి ఉత్త సిరా పొర, రెండుసార్లు రుద్దితే పోతుంది. పసుపు రంగు ఆ పాత వార్నిష్‌దే, ఉండనివ్వండి.

ఆ కన్నాల్లోంచి ఒక్కో రీలు దారం కొస బయటికొస్తుంది, మూత తీయకుండానే కావలసినంత లాక్కోవచ్చు. దారం అయిపోయినా పెట్టె ఇంట్లోనే ఉంటుంది, దాంతోపాటు దారం అమ్మిన కంపెనీ పేరూ ఉంటుంది. భలే ఆలోచన కదూ! మీ కాగితం మీదున్న క్లార్క్‌లు అలాంటి దారం కంపెనీవాళ్ళే, వాళ్ళది స్కాట్లాండ్‌లోనే ఉన్న పెయిస్లీ అనే ఊరు. నెపోలియన్ బ్రిటన్ వ్యాపారాన్ని దిగ్బంధించడంతో మగ్గాలకి పట్టుదారం దొరకని రోజుల్లో, 1806 ప్రాంతంలో, దాని బదులు నూలుదారం తయారుచేసినవాళ్ళు. 1896లో కోట్స్ అనే మరో దారం కంపెనీతో కలిసిపోయారు. మాఖ్లిన్ ఫ్యాక్టరీ 1933లో కాలిపోయింది.

కుట్టుపెట్టెల పనిలో మన విశాఖపట్నం కూడా తక్కువది కాదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో దొరసానుల కోసం ఇల్లు ఆకారంలో పెట్టెలు చేసి, దంతపు రేకులు తాపి, వాటి మీద గీసిన లతల్లో నల్ల లక్క నింపేవారు. అలాంటివి ఇండియాలో ఎవరైనా అమ్ముతామంటే మాత్రం కొనకండి, మన దేశంలో దంతం అమ్మడం, కొనడం నేరం.

మీ పెట్టెని మెత్తటి పొడిగుడ్డతో తుడవండి చాలు. నీళ్ళు, నూనె వద్దు, ఎండ తగలనివ్వకండి. ఆ కాగితం ఊడిపోతున్నా పీకకండి, పెట్టె ఏ కంపెనీదో చెప్పేది అదే. లోపల పాత రీళ్ళుంటే అలాగే ఉంచండి, కానీ ఆ దారంతో కుట్టకండి, పాతబడిన నూలు పుటుక్కున తెగుతుంది.