ఢిల్లీ ఇంటర్న్‌షిప్ కోసం గొలుసు తాకట్టు పెట్టొద్దు

ప్రశ్న: గుడివాడలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి లా నాలుగో ఏడాది చదువుతోంది. మే, జూన్ సెలవుల్లో ఢిల్లీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో మన సొంత వివరాలు ఎవరి చేతికి పోతున్నాయి, చట్టం ఏమంటోంది అనే వాటిపై పనిచేసే సంస్థ అట. నెలకు 10,000 ఇస్తారు. హైదరాబాద్‌లో ఒక లాయరు గారి ఆఫీసులో 15,000 ఇస్తామన్నారు, మా చెల్లెలి ఇంట్లో ఉండొచ్చు. పాప ఢిల్లీయే అంటోంది. నా దగ్గర 60,000 ఎఫ్‌డీ, రెండు కాసుల గొలుసు ఉన్నాయి. గొలుసు తాకట్టు పెట్టనా? అసలు పంపాలా?

జవాబు: పంపండమ్మా. గొలుసు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.

ముందు లెక్క చూద్దాం. లేడీస్ హాస్టల్లో భోజనంతో కలిపి నెలకు 11,000 అనుకుందాం. ఢిల్లీ ఎండలకు కూలరో ఏసీయో తప్పదు, కరెంటు బిల్లు చాలాచోట్ల విడిగా వేస్తారు, దానికి 1,500. మెట్రోకు 1,800, ఫోను, సబ్బులు, మందులు, టీలకు 2,700. నెలకు 17,000, రెండు నెలలకు 34,000. రైలుకు రానూపోనూ 4,500. మొత్తం 38,500. స్టైపెండ్ 20,000 పోగా మీ చేతి నుంచి పడేది 18,500.

హైదరాబాద్ లెక్క కూడా దాచకుండా చెప్పాలి. అక్కడైతే 30,000 వస్తుంది, బస్సులకూ పైఖర్చులకూ 6,000 పోయినా 24,000 మిగులుతుంది. కాబట్టి రెండింటి మధ్య అసలు తేడా 42,500. మీలాంటి ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

అయినా పంపమంటున్నానంటే కారణం ఉంది. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత అమలవుతాయి. తప్పు చేస్తే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. బ్యాంకులకు, ఆసుపత్రులకు, యాప్ కంపెనీలకు ఈ చట్టం చదివి అర్థం చేసుకున్న లాయర్లు కావాలి. పాప చదువు ముగిసే సమయానికి ఆ అవసరం ఇంకా పెరుగుతుందని నా నమ్మకం. ఉద్యోగం ఖాయమని మాత్రం నేను చెప్పలేను. అందుకే ఈ 42,500ను చదువు ఫీజు కింద ఒక్కసారికే రాసుకోండి. వచ్చే ఏడాది ఇలాంటిదే మళ్లీ వస్తే, ఖర్చులకు సరిపడా ఇస్తేనే వెళ్లమనండి.

ఇక అసలు టెన్షన్ వేరే చోట ఉంది. చివరికి పోయేది 18,500 అయినా, మొదట చేతిలో ఉండాల్సింది 40,500. హాస్టల్ డిపాజిట్ 8,000, మొదటి నెల ఫీజు, టికెట్లు, ఖర్చులు కలిపితేనే 29,500. స్టైపెండ్ నెల తిరిగాక గానీ పడదు, ఒక్కోసారి ఇంకో పది రోజులు ఆగుతుంది, ఈలోగా రెండో నెల హాస్టల్ ఫీజు 11,000 కట్టాలి. పిల్లలు అమ్మను ఇబ్బంది పెట్టడం ఎందుకని సరిగ్గా ఇక్కడే లోన్ యాప్ తెరుస్తారు. కాంటాక్టులు, ఫొటోలు లాక్కుని, బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసిన యాప్‌లను మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టుల జోలికి వెళ్లకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. దొంగ యాప్‌లు ఆ మాట వింటాయా? ఈ పని నేర్చుకోవడానికి వెళ్తున్న పిల్ల తనే అందులో చిక్కుకోకూడదు.

అందుకే ఆ 40,500 మీ ఎఫ్‌డీ మీద లోన్‌గా తీసుకోండి. ఎఫ్‌డీ రద్దు చేయొద్దు. బ్యాంకులు సాధారణంగా ఎఫ్‌డీ మొత్తంలో 90 శాతం దాకా ఇస్తాయి, వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఎఫ్‌డీ మీద మీకొచ్చే వడ్డీ వస్తూనే ఉంటుంది కాబట్టి, నాలుగు నెలలు వాడుకున్నా మీ మీద పడే అదనపు భారం 270 రూపాయలు దాటదు. స్టైపెండ్, డిపాజిట్ చేతికి రాగానే అటే కట్టేయండి. మిగిలింది షాపు ఆదాయంలోంచి నెలకు కొంచెం.

పాపకు కొన్ని మాటలు చెప్పండి. హాస్టల్ ఖాళీ చేసేది నెల ముందే రాతపూర్వకంగా చెప్పకపోతే డిపాజిట్ పట్టుకుంటారు, కాబట్టి మే నెలాఖరుకే మెసేజ్ పెట్టాలి. ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి. స్టైపెండ్‌లోంచి టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపు పన్ను, కోస్తే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ కోసం రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ఎవరైనా ఒక్క రూపాయి అడిగినా అనుమానించాలి, ఆఫర్ లెటర్ నిజమో కాదో సంస్థకు ఫోన్ చేసి కనుక్కోవాలి.

రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. వేసవి సెలవుల్లో విజయవాడ నుంచి ఢిల్లీకి బెర్తులు త్వరగా అయిపోతాయి. ఆఫర్ లెటర్ ఖాయమని తేలగానే టికెట్ తీయించి, ఆ తర్వాత ఎఫ్‌డీ రసీదు, పాన్ కార్డు పట్టుకుని బ్యాంకుకు వెళ్లండి.