పగిలిన పక్క అద్దం: తలుపు లోపలి పని

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఖరీదైన కార్ల పక్క అద్దాల మీదే. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఈ కార్ల షోరూమ్ కోసం హైదరాబాదుకో బెంగళూరుకో 200 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. అందుకే దారిలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు, ఊళ్లోనే చేయించుకునే పద్ధతి రెండూ వివరంగా ఇస్తున్నాం.

ప్రశ్న: రాత్రి ఇంటి ముందు పెట్టిన మా బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్ ముందు ఎడమ తలుపు అద్దం ఎవరో పగలగొట్టారు. లోపలున్న బ్యాగు పోయింది. ఇప్పుడు మొట్టమొదట ఏం చెయ్యాలి? – కర్నూలు పాఠకుడు

జవాబు: ఊడ్చకముందే ఫోటోలు తీయండి. బండి నంబరు కనబడేలా ఒకటి, తలుపు దగ్గరగా ఒకటి, సీటు మీద పెంకులు ఒకటి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి, ఆ తర్వాతే బండి మీద చెయ్యి వెయ్యండి. సర్వేయర్ చూడకముందే అద్దం మార్పిస్తే క్లెయిము దగ్గర చిక్కులొస్తాయి.

ఆ తలుపు పవర్ విండో స్విచ్ నొక్కొద్దు. కింద మిగిలిన ముక్కలు అద్దాన్ని పైకీ కిందికీ కదిపే విండో మెషిన్ కేబుల్‌కూ చక్రానికీ మధ్య ఇరుక్కుంటే అద్దంతో పాటు మెషిన్ కూడా కొనాల్సి వస్తుంది. తలుపు గట్టిగా వేసినా ఇంకొన్ని ముక్కలు లోపలికి జారతాయి.

సీటు మీది పెంకుల్ని గుడ్డతో తుడిస్తే తోలు గీసుకుపోతుంది. పెద్దవి చేతి తొడుగు వేసుకుని ఏరండి, మిగిలినవి వాక్యూమ్‌తో లాగండి. గాలి కొట్టే పంపు మాత్రం వద్దు. చిల్లుల సీటైతే ఆ గాలికి పొడి రంధ్రాల్లోకి, ఏసీ గొట్టాల్లోకి పోతుంది.

తలుపు కప్పడానికి మందపాటి పాలిథిన్ చాలు. తలుపు తెరిచి షీటును పై ఫ్రేము మీదుగా లోపలికి మడిచి తలుపు వేస్తే, రబ్బరు బీడింగే దాన్ని పట్టి ఉంచుతుంది, పైన టేపు అక్కర్లేదు. కింది అంచుకు మాత్రం ముందు మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద బ్రౌన్ టేపు వెయ్యండి. బ్రౌన్ టేపు నేరుగా పెయింటు మీద అంటిస్తే మన ఎండకు ఒక్క పూటలోనే జిగురు కరిగి పట్టేస్తుంది.

ఈ కప్పు బండి నిలిపి ఉన్నప్పుడే. ముందు తలుపుకు పాలిథిన్ ఉంటే ఎడమ సైడ్ మిర్రర్ కనబడదు. అలా 44వ నంబరు హైవే ఎక్కడం ప్రమాదం. షోరూమ్‌కే పంపాలనుకుంటే ఇన్సూరెన్సు వాళ్ల ఫ్లాట్‌బెడ్ లారీ అడగండి. చాలా పాలసీల్లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటుంది, అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ప్రశ్న: మా బెంజికి పక్క అద్దం అడిగితే ఒకాయన ఒక ధర, ఇంకొకాయన దానికి రెండింతలు చెప్పారు. ఇద్దరూ ఒరిజినలే అంటున్నారు. తేడా ఎక్కడ? – అనంతపురం పాఠకురాలు

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చమ్మా. పక్క అద్దాలు రెండు రకాలు. టఫెన్డ్ అద్దం ఒకే పలక, సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందం. పగిలితే జొన్న గింజల్లాంటి ముక్కలై కుప్పగా రాలిపోతుంది. లామినేటెడ్ అద్దంలో రెండు పలచటి పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా సాలెగూడులా బీటలు వారి అక్కడే నిలబడుతుంది. బయటి హోరు తగ్గించడానికి పెద్ద సెడాన్ల తలుపులకు ఈ రెండోది వేస్తారు, ధర కూడా దీనిదే ఎక్కువ.

మీ బండి ఎదురు తలుపు అద్దం పగల్లేదు కదా, దాని కింది మూలన ఉన్న ముద్ర చూడండి. లామినేటెడ్ అనో టెంపర్డ్ (అంటే టఫెన్డే) అనో చాలా అద్దాల మీద ఇంగ్లిషులో రాసే ఉంటుంది. పక్కన తయారీదారు పేరు, మన దేశపు ప్రమాణం ఐఎస్ 2553, లేదా వలయంలో ఇంగ్లిషు 'E' అక్షరంతో అంకె ఉంటాయి. అద్దాన్ని దింపి పై అంచును పక్క నుంచి చూస్తే లామినేటెడ్‌లో మధ్య గీత సన్నగా కనిపిస్తుంది. అయితే ముందు తలుపులకు లామినేటెడ్, వెనక తలుపులకు టఫెన్డ్ వేసిన మోడళ్లు చాలా ఉన్నాయి. కాబట్టి ముందు అద్దానికి ముందుదాంతోనే పోల్చాలి.

మోడల్ పేరు, సంవత్సరం చెప్పి ఆర్డర్ ఇవ్వొద్దు. ఛాసిస్ నంబరు పంపి పార్ట్ నంబరు తెప్పించుకోండి. ఒకే ఏడాది ఒకే మోడల్‌లో లేత ఆకుపచ్చ అద్దం ఒకటి, ముదురు ప్రైవసీ అద్దం ఒకటి, శబ్దం తగ్గించేది ఇంకొకటి ఉంటాయి. లామినేటెడ్ తీసి టఫెన్డ్ వేస్తే, అది తలుపులో పట్టినా ఆ ఒక్క వైపే టైర్ల చప్పుడు వినబడుతూ ఉంటుంది.

పాత సామాన్ల మార్కెట్ అద్దమైతే అంచు చుట్టూ గోటితో రాసి చూడండి. టఫెన్డ్ అద్దానికి ప్రాణం అంచులోనే ఉంది. అక్కడ చిన్న పెచ్చు లేచినా ఏదో ఒక మధ్యాహ్నం ఎండలో దానంతటదే పేలుతుంది. దాన్ని కోయడం, రాయడం, బెజ్జం వేయడం కుదరదు. 'కొంచెం గ్రైండింగ్ చేసి పట్టిస్తాం' అన్నవాళ్ల దగ్గర పని పెట్టుకోవద్దు.

ఇంకొక మాట ఇంట్లో అందరికీ చెప్పండి. ప్రమాదంలో అద్దం పగలగొట్టి బయటపడటానికి ఉంచుకునే చిన్న సుత్తి లామినేటెడ్ అద్దం మీద పనిచెయ్యదు. మీ కారులో ఏ అద్దం టఫెన్డో ఇవాళే చూసి పెట్టుకోండి.

ప్రశ్న: ఆదోనిలో షెడ్డు నడుపుతున్నాను. మామూలు కార్ల అద్దాలు చాలా మార్చాను. ఆడి తలుపు ఇదే మొదటిసారి. వరుసగా చెప్పగలరా? – ఆదోని మెకానిక్

జవాబు: చేయి తిరిగిన పనే, భయపడకండి. తొందర మాత్రం పడొద్దు. రెండు మూడు గంటల పనిలో అద్దం పెట్టేది పావుగంటే. మిగతా సమయమంతా శుభ్రానికి, సీలింగుకే పోతుంది, పోవాలి కూడా.

డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి కప్పు, దాని స్క్రూలు పిడి లోపలి మూత కింద, చెయ్యి పెట్టే గుంటలో, కొన్నింటికి అంచుల్లో ఉంటాయి. టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్లు 20, 25, 30 దగ్గర పెట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో కాకుండా ప్లాస్టిక్ పట్టీతో కింది అంచు నుంచి క్లిప్పులు లేపుకుంటూ వచ్చి, చివర ప్యాడ్‌ను పైకి ఎత్తండి. వెనకాల హ్యాండిల్ కేబుల్, స్విచ్ ప్లగ్, లైట్ల వైర్లు ఉంటాయి. అవి విప్పేదాకా ప్యాడ్ బరువు వాటి మీద పడకూడదు. క్లిప్పులు కొన్ని విరుగుతాయి, అద్దంతో పాటే ఒక పది తెప్పించుకోండి.

తలుపు లోపలి రేకు మీద చిన్న సెన్సర్ ఉంటుంది, పక్క నుంచి గుద్దుకున్నప్పుడు తలుపులో గాలి ఒత్తిడి మారడాన్ని పసిగట్టేది. దాని ప్లగ్ తీసి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, తర్వాత స్కానర్ పెట్టి తుడిపించాలి. ప్లగ్గులు తీసే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి పది నిమిషాలు ఆగండి.

తర్వాత సీలింగ్ షీటు, అంటే తలుపులోకి దిగిన నీళ్లు కారు లోపలికి రాకుండా ఆపేది. నల్లటి బ్యూటైల్ జిగురుతో అంటి ఉంటుంది. షీటును లాగితే చిరుగుతుంది. హీట్ గన్‌తో కొద్దిగా వేడి చేసి, జిగురును మాత్రమే బ్లేడుతో కోస్తూ రండి. దుమ్ము పట్టిన పాత జిగురు మళ్లీ అతుక్కోదు, కొత్త బ్యూటైల్ టేపు వాడాల్సిందే. కొన్ని మోడళ్లలో షీటు బదులు మెషిన్ బిగించిన పూర్తి పలకే ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు చూసుకోండి.

ఇక అసలు పని. టార్చి వేసి తలుపు అడుగు చూడండి. పెంకులు కుప్పగా పోసినట్టుంటాయి. సన్న గొట్టంతో వాక్యూమ్ పెట్టి, బయటి నుంచి అరచేత్తో తలుపు కింది భాగాన్ని తట్టండి. గలగలమంటే ఇంకా ఉన్నట్టే. మళ్లీ లాగండి, మళ్లీ తట్టండి. చప్పుడు పూర్తిగా ఆగాలి. కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాలు రెండు మూడుంటాయి. వాటిలో ఇరుక్కున్న ముక్కల్ని ప్లాస్టిక్ టైతో పొడవండి. ఇనుప తీగతో పొడిస్తే రంగు గీసుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది. అద్దం జారే చానల్ రబ్బరు గాడిని పొడవునా తుడవండి. బాగా చూడాల్సింది నడుము దగ్గరి బీడింగు, అంటే అద్దం తలుపులోకి దిగే చోట ఉండే రబ్బరు. దాని లోపలి నూగులో ఇసుకంత పెంకు దాక్కుంటుంది. దాన్ని వదిలేస్తే కొత్త అద్దం మొదటిసారి పైకి లేచినప్పుడే నిలువు గీత పడుతుంది, ఆ గీత పాలిష్‌తో పోదు.

కొత్త అద్దం దించడానికి ముందు రేకు అంచుకు మాస్కింగ్ టేపు వెయ్యండి. బయటి బీడింగు తీసి, అద్దం ముందు భాగాన్ని కిందికి వంచి దించి, తర్వాత వెనక భాగాన్ని చానల్‌లోకి తిప్పండి. ఇద్దరు పట్టుకోవాలి. మెషిన్ పట్టుకునే రెండు క్లాంపులూ రేకులోని రంధ్రాలకు ఎదురుగా రావాలి. అవి వేరే చోట ఆగిపోయి ఉంటే సెన్సర్ ప్లగ్, స్విచ్ ప్లగ్ రెండూ మళ్లీ కలిపి, అప్పుడు బ్యాటరీ పెట్టి స్విచ్‌తో తెచ్చుకోండి.

క్లాంపు బోల్టులు వెంటనే బిగించకండి. వేళ్లతో పట్టించి, అద్దాన్ని ఒకసారి పూర్తిగా పైకి లేపితే పై గాడిలో దాని చోటు అదే చూసుకుంటుంది. మళ్లీ రంధ్రాల దగ్గరికి దించి బిగించండి. టార్క్ (ఎంత బలంతో బిగించాలో) మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి, చాలా కార్లలో 10 న్యూటన్ మీటర్ల లోపే. ఎక్కువ బిగిస్తే ఆ రోజు ఏమీ కాదు, కొన్ని వారాలకు క్లాంపు దగ్గరే అద్దం పగులుతుంది.

ఫ్రేము లేని తలుపులు, అంటే కూపేల్లాంటివి, ఇంకా కష్టం. వాటికి అద్దం ఎత్తు, లోపలికి వాలు రెండూ సరిచెయ్యాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాకే 80 వేగంలో ఈల వినిపిస్తుంది. ఆ రకం పని మొదట చేసే బండి మీద నేర్చుకోవద్దు, షోరూమ్‌కు పంపండి.

ప్రశ్న: ఊళ్లోనే అద్దం మార్పించాం. వానకు ముందు సీటు కింద కార్పెట్ తడుస్తోంది. షెడ్డులో రబ్బరు పోయిందని కొత్త బీడింగు వేశారు, అయినా తగ్గలేదు. – కడప పాఠకుడు

జవాబు: బీడింగు తప్పు కాకపోవచ్చు. వాన నీళ్లు ఏ కారులోనైనా నడుము బీడింగు దాటి తలుపు లోపలికి దిగుతాయి, అది లోపం కాదు. దిగిన నీళ్లు కింది రంధ్రాల గుండా బయటికి పోవాలి. కారు లోపలికి రాకుండా ఆపేది సీలింగ్ షీటు. అది సరిగా అంటించకపోయినా, రంధ్రాలు పెంకులతో పూడినా కార్పెట్ తడుస్తుంది.

డోర్ ప్యాడ్ విప్పించి, షీటు ఉన్నదున్నట్టు ఉంచి, అద్దం మీద బయటి నుంచి పైపుతో ఐదు నిమిషాలు నీళ్లు పోయించండి. ధారగా కాదు, వానలా. ఎక్కడ చెమ్మ దిగుతుందో కంటికి కనబడుతుంది. ఆ చోట పాత జిగురంతా తీసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త బ్యూటైల్ వేసి రోలర్‌తో నొక్కాలి. సెలో టేపుతో సరిపెట్టనివ్వకండి. ఇందాక చెప్పిన ఒత్తిడి సెన్సర్ సరిగా పనిచెయ్యాలన్నా తలుపు లోపల ఆ గాలి కట్టు ఉండాలి. ఇది తడి కార్పెట్‌తో పోయే విషయం కాదు.

అక్టోబరు, నవంబరు వానలు మొదలవక ముందే చేయించండి. ఈ కార్లలో కార్పెట్ కింద వైర్ల కట్టలు, కంట్రోల్ యూనిట్లు ఉంటాయి. తడిసిన స్పాంజి ఎత్తి ఆరబెట్టకపోతే కనెక్టర్లు చిలుము పట్టి పచ్చబడతాయి.

ప్రశ్న: బండల లారీ నుంచి రాయి ఎగిరి వెనక చిన్న అద్దం పగిలింది. దాన్ని సిలికాన్‌తో అంటిస్తామంటున్నారు. – తాడిపత్రి పాఠకుడు

జవాబు: వద్దు. క్వార్టర్ గ్లాస్ అంటించేది పీయూ జిగురుతో, అంటే పాలీయురేథేన్‌తో. సిలికాన్ ఒకసారి తగిలిన చోట తర్వాత పీయూ పట్టదు. పాత పీయూను రేకు దాకా గీకకుండా ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర ఉంచి, దాని మీదే కొత్తది వెయ్యాలి. రేకు బయటపడితే ప్రైమర్ తప్పనిసరి.

మన వాతావరణానికి ఒక మెలిక ఉంది. పీయూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో పైపొర నిమిషాల్లో తోలు కడుతుంది, అద్దం ఆలస్యంగా పెడితే అతుకు పట్టదు. పొడి గాలిలో లోపలి భాగం మాత్రం నెమ్మదిగా ఆరుతుంది. పొద్దున్నే నీడలో చేయించి, ఒక రోజు కదిలించకుండా ఉంచి, వేరే తలుపు అద్దం కొంచెం దించి పెట్టండి. అన్నీ మూసి ఉండగా తలుపు వేస్తే లోపలి గాలి ఆ పచ్చి అతుకును బయటికి తోస్తుంది.

ప్రశ్న: అద్దానికి ఇన్సూరెన్సు వాడాలా, చేతి డబ్బు పెట్టాలా? – అనంతపురం పాఠకుడు

జవాబు: అద్దానికి తరుగుదల కోత లేదు. రబ్బరు, ప్లాస్టిక్ సామానుకు 50 శాతం కోస్తారు. తప్పనిసరిగా మీరు భరించేది ఇంజిన్ 1500 సీసీ దాకా 1,000 రూపాయలు, దాటితే 2,000. అసలు లెక్క నో క్లెయిమ్ బోనస్‌ది, అంటే క్లెయిము చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపుది. ఉదాహరణకు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియం 60,000, మీ బోనస్ 50 శాతం అనుకోండి. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది ఆ 30,000 తగ్గింపు పోతుంది. అద్దం, కూలి కలిపి 22,000 అయితే చేతి డబ్బే మేలు. బోనస్ కాపాడే యాడ్-ఆన్ ఉంటే నిశ్చింతగా క్లెయిము చేయండి. కారులోంచి పోయిన బ్యాగు, ల్యాప్‌టాప్ మామూలు మోటారు పాలసీలో రావు.

ప్రశ్న: కొత్త అద్దానికి సన్ ఫిల్మ్ వేయించొచ్చా? – కర్నూలు పాఠకుడు

జవాబు: పక్క అద్దంలోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 100వ నియమం. అద్దానికి ఫిల్ములు అంటించకూడదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పు కూడా ఇచ్చింది. '60 శాతం ఫిల్మ్' అని దుకాణంలో చెప్పేది ఫిల్మ్ ఒక్కదాని లెక్క. అద్దమే 75 శాతం వదిలేదైతే రెండూ కలిసి 45 శాతానికి వస్తాయి, అది నియమం దాటినట్టే. ఎండ కోసమైతే కంపెనీ నుంచే వచ్చే సోలార్ అద్దం ఎంచుకోండి.

ప్రశ్న: అద్దం మార్చాక పైదాకా వెళ్లి మళ్లీ కిందికి దిగుతోంది. మెషిన్ పాడైందా? – ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: చాలావరకు మెషిన్ బాగానే ఉంటుంది. బ్యాటరీ విప్పాక కంట్రోల్ యూనిట్ పై హద్దును మరిచిపోతుంది. స్విచ్‌ను పైకి లాగి పట్టుకుని అద్దం పూర్తిగా మూసుకున్నాక కూడా కొన్ని సెకన్లు వదలకండి. మళ్లీ పూర్తిగా దించి ఇంకోసారి అలాగే చెయ్యండి. ఆ తర్వాత చుట్టిన తువ్వాలు అడ్డం పెట్టి అద్దం వెనక్కి తగ్గుతుందో లేదో చూడండి, చెయ్యి పెట్టొద్దు. అయినా ఒకే ఎత్తులో ఆగి దిగుతుంటే ఆ ఎత్తులో చానల్ రబ్బరు మడత పడి ఉంటుంది, లేదా గాడిలో పెంకు మిగిలి ఉంటుంది.