రాతి గుంటల్లో స్కల్పిన్‌ను చూడబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

సియాటిల్ నుంచి ఉత్తరాన ఉన్న సాన్ వాన్ దీవులకు వెళ్లి, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు నీరు నిలిచే రాతి గుంటల్లోని చేపలను చూడాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. అక్కడ నీవు ముందుగా వెతకవలసినది టైడ్‌పూల్ స్కల్పిన్. 1856లో గిరార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఒలిగోకాటస్ మాక్యులోసస్ అని పేరు పెట్టిన ఈ చేప సుమారు 9 సెంటీమీటర్లకు మించి పెరగదు. అలాస్కా నుంచి కాలిఫోర్నియా వరకు రాతి తీరాలే దాని నివాసం.

ఆ దీవుల్లో నీరు బాగా వెనక్కి తగ్గే సమయం వేసవిలో పగటిపూట, చలికాలంలో రాత్రిపూట వస్తుంది కనుక, ఆటుపోట్ల పట్టిక చూసుకొని వేసవిలోనే వెళ్లు. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకో. నీ నీడ గుంట మీద పడకుండా కూర్చొని, కదలకుండా వేచి ఉండు. అడుగున ఉన్న రాళ్ల, నాచుల రంగులో ఇమిడిపోయే ఈ చేప మొదట కంటికి ఆనదు. గాలితిత్తి లేనందున అది నీటిలో తేలుతూ ఉండదు. రొమ్ము దగ్గరి పెద్ద రెక్కలను నేలకు ఆనించి కూర్చుంటుంది, చటుక్కున కాస్త దూరం కదిలి మళ్లీ ఆగిపోతుంది. ఆ కదలికనే గుర్తుపట్టు.

అది బతికే చోటు ఎంత కఠినమైనదో కూడా గమనించాలి. ఎండకు గుంట నీరు వేడెక్కుతుంది, వానకు ఉప్పదనం తగ్గుతుంది, రాత్రివేళ నాచులూ జీవులూ కలిసి ఆక్సిజన్‌ను హరించివేస్తాయి. అప్పుడు ఈ చేప నీటి పైపొరకు వచ్చి శ్వాసిస్తుంది. అదీ చాలకపోతే నీటి నుంచి బయటికి వచ్చి గాలినే పీల్చుకోగలదు. ఇంతటి ఓర్పు ఉన్న ప్రాణి నాకు ఎప్పటికీ గౌరవనీయమే.

వీలైనంతవరకు చేపను పట్టుకోవద్దు. తప్పనిసరైతే సన్‌స్క్రీన్ అంటని తడి చేతులతోనే తాకు, ఎందుకంటే దాని ఒంటిపై పొలుసులు ఉండవు. తిరిగి అదే గుంటలో వదలడం అన్నిటికన్నా ముఖ్యం. ఈ చేపకు సొంత గుంట ఉంటుంది. దూరంగా వదిలినా వాసన ఆధారంగా తిరిగి చేరుకోగలదని పరిశోధకులు చూపించారు. అలాగని ఆ శ్రమ దానికి కలిగించవద్దు. తిప్పిన రాయిని మళ్లీ మునుపటిలాగే యథాస్థానంలో పెట్టు, దాని కింద ఏదో ఒక చేప గుడ్లు అంటుకొని ఉండవచ్చు.

పోటు మొదలయ్యాక, అలల ఉధృతి లేనిచోట స్కల్పిన్లు గుంట దాటి ఆహారానికి బయలుదేరతాయి. అది చూడాలని ఆశపడి నిలిచిపోవద్దు. నీ వెనుక ఉన్న పల్లపు రాళ్లు ముందే మునిగిపోవచ్చు.